మొదటి రెండు నిమిషాలు

సినిమా మొదలయ్యే వేళకు హాల్లో వుండడం మా ఇంటా వంటా లేదు. పుట్టింటివారికీ లేదు, అత్తింటివారికీ లేదు. చిన్నప్పుడు మా అమ్మ తెమిలి, తమ్ముడికి పాలు పట్టి, రిక్షా బేరమాడి హాలు చేరేసరికి తెరమీద ఎవరో ఎవరికోసమో ఏడుస్తూ వుండేవారు. "తొందరేం లేదు, ఇంకా న్యూస్‌రీలే ఆడుతూ వుంటుంది" అనేవారు మా నాన్నగారు. ఆ రోజుల్లో ప్రభుత్వం వారి ఫిల్మ్స్ డివిజన్ తీసిన వార్తాచిత్రం ముందు వేసి, ఆ తరవాతే అసలు బొమ్మ వేసేవారు కనక ఆ మాట కొంత చెల్లేది. తరవాత వార్తాచిత్రాలు పోయాయి గాని, ఆలస్యంగా వెళ్ళే అలవాటు పోలేదు. మొదట్లో ఏం జరిగిందో పక్క సీటావిడను అడగడం, ఆవిడ విసుక్కుంటూనే చెప్పడం మాకు మామూలు.

అటువంటి ఇంట్లో పుట్టిన మా చిన్నవాడికి కాలేజీలో ఇచ్చిన పని ఏమిటో తెలుసునా? ఒక సినిమా తీస్తున్నామని అనుకుని, దాని మొదటి రెండు నిమిషాలూ తీసి పట్టుకురావాలి. అంతే. తక్కిన సినిమా తీయనక్కరలేదు.

వాడు విశాఖపట్నంలో సినిమా చదువు చదువుతున్నాడు. "కంప్యూటర్లు చదవక ఇదేం చదువమ్మా!" అనే చుట్టాల పరామర్శ ఇంకా ఒక కొలిక్కి రాలేదు. క్లాసులో నలుగురేసి ఒక జట్టు. పేర్లు పడే అక్షరాలతో సహా నూట ఇరవై సెకండ్లు దాటకూడదు. ఇతరుల పాటలు, సంగీతం వాడకూడదు. కథ తేలిపోకూడదు. ఆలోచన దగ్గర్నించి ఆఖరి కత్తెర దాకా ఏం చేశారో, ఎందుకు చేశారో రాసి ఇవ్వాలి. ఇటువంటి అభ్యాసం మనవాళ్ళు కనిపెట్టింది కాదట. కేంబ్రిడ్జి ఇంటర్నేషనల్ వారి మీడియా స్టడీస్ చదివే పదహారూ పదిహేడేళ్ళ పిల్లలకు కూడా కొత్త కథాచిత్రానికి రెండు నిమిషాల ప్రారంభం తీయమనే పరీక్ష వుంటూ వచ్చింది.

మావారు నవ్వారు. "రెండు నిమిషాలేనా? మొన్న పెళ్ళిలో నా సెల్‌ఫోనుతో గంట తీశాను" అన్నారు.

"నాన్నగారూ, ఆ గంటలో మొదటి రెండు నిమిషాలైనా ఎవరన్నా కూర్చుని చూశారా?" అన్నాడు వాడు.

మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

రెండు నిమిషాలంటే ఎంతో ఆ రాత్రి లెక్క కట్టి చూపించాడు. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు పరిగెడతాయి. రెండు నిమిషాలకు 2,880. వెనకటి రీళ్ళ కాలంలో అయితే 35 మిల్లీమీటర్ల ఫిలిము నిమిషానికి 90 అడుగులు తిరిగేది. అంటే మొత్తం 180 అడుగులు. కొబ్బరిచెట్టు ఎక్కి దిగి, మళ్ళీ ఎక్కినంత పొడుగు! ఆ ముక్కలో ఊరు ఏదో, కాలం ఏదో, మనిషి ఎవరో, ఇది నవ్వించే కథో భయపెట్టే కథో చూసేవాడికి తట్టాలి. తట్టి, కదలకుండా కూర్చోవాలి.

ఏ కథ, ఎక్కడ తీయడం అన్నది తేలడానికి వారం పట్టింది. చివరికి వాడు ఎంచుకున్నది మా అత్తవారి ఊళ్ళో ఇల్లు.

ఆ ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. కోనసీమలో మండువా లోగిలి అది. నాలుగు పక్కలా పెంకుల వసారాలు, మధ్య ఆకాశం. వానొస్తే నాలుగు చూరుల నీళ్ళూ మండువాలోకి దిగేవి. నేను కాపరానికి వచ్చిన ఏడు పద్ధెనిమిది మందిమి ఆ ఇంట్లో వుండేవాళ్ళం. ఇప్పుడు ముగ్గురన్నదమ్ములూ మూడు ఊళ్ళలో వున్నారు. దూలాలకు చెద పట్టింది. పెంకు నేసే మనిషి దొరకడం లేదు. పండక్కి వెళ్ళి తాళం తీస్తే గబ్బిలాలు పలకరిస్తున్నాయి. పెద్దవారు మా బావగారు ఏడాదిపాటు ఆలోచించి అమ్మకం పెట్టారు. మాఘమాసం వెళ్ళేలోపల కొన్నవారికి అప్పగించాలి. వాళ్ళు దాన్ని పడగొట్టి మేడ కట్టుకుంటారు. ఇందులో ఎవర్నీ అనవలసింది లేదు. ఎనభై నాలుగేళ్ళ మా అత్తగారు కూడా కాగితాల మీద సంతకం పెట్టి, "ఎన్నాళ్ళని కాపలా కాస్తారులే" అని ఊరుకున్నారు. ఆ పైన ఆ మాట ఎత్తలేదు.

"నాయనమ్మ వేషం వేస్తే ఆ ఇంట్లో తీస్తాను" అన్నాడు మావాడు.

"వేషమేమిట్రా, నీ మొహం!" అన్నారావిడ. కాని ఆ సాయంత్రమే నన్ను పిలిచి, ఏ చీర కడితే బాగుంటుందని అడిగారు.

కథ ఇది. తెల్లవారుజాము. పెద్ద ఇల్లు. అందులో ఒక్క ముసలావిడ. పొయ్యి వెలిగిస్తుంది, అన్నం వండుతుంది. రెండు విస్తళ్ళు వేస్తుంది. ఇంట్లో రెండో మనిషి లేరు. రెండో విస్తట్లో వడ్డిస్తూ వుండగా వీధి తలుపు చప్పుడవుతుంది. ఆవిడ చెయ్యి ఆగిపోతుంది. తలుపుకేసి చూస్తుంది. లేవదు. అక్కడ పేరు పడుతుంది: "రెండో విస్తరి". అంతటితో సరి.

"తలుపు తియ్యదూ?" అన్నాను.

"తీస్తే ఇంక రెండు నిమిషాల తరవాత ఎవరు కూర్చుంటారమ్మా?"

ఎటువంటి ప్రారంభాలు జనాన్ని కూర్చోబెట్టాయో మా అందరికీ చూపించాడు. 1941లో వచ్చిన 'సిటిజన్ కేన్' ఒక కంచె మీద, లోపలికి రావద్దన్న బోర్డుతో మొదలవుతుంది. కెమేరా మాత్రం ఆ కంచె దాటి, చీకట్లో దూరాన వెలుగుతున్న ఒక కిటికీ దగ్గరికి మెల్లిగా పోతుంది. లోపల ఒక ముసలాయన ఒకే ఒక్క మాట అని ప్రాణం విడుస్తాడు. ఆ మాటకు అర్థమేమిటో తెలుసుకోవడమే తక్కిన సినిమా అంతాను. అదే ఆర్సన్ వెల్స్ 1958లో తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' లో ఎవరో ఒక బాంబుకు టైము పెట్టి కారు వెనక పెట్టెలో పడేస్తారు. ఆ సంగతి తెలియని జంట కారెక్కుతుంది. అక్కణ్ణించి మూడు నిమిషాలకు పైగా ఎక్కడా తెగని ఒకే షాటులో కెమేరా ఊరంతా తిరుగుతుంది. మా అత్తగారు అన్నం దగ్గరికి రమ్మంటే రాలేదు. "అది పేలిందాకా నేను లేవను" అన్నారు. ఆ మాట మావాడు నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఇహ ఏర్పాట్లు. పుష్యమాసంలో ఒక ఆదివారం జట్టు నలుగురూ ఊరికి వెళ్ళి ఇల్లు చూసి వచ్చారు. కెమేరా పట్టేది ఒక అమ్మాయి. మాటలు తక్కువ, కళ్ళు ఎక్కువ. ఆ పిల్ల పొద్దుటినించి సాయంత్రం దాకా మండువాలో కూర్చుని ఎన్ని గంటలకు ఎండ ఏ స్తంభం మీద పడుతుందో కాగితం మీద గీసుకుంది. పొద్దున్న ఎండ వంటింటి గడప దాకా ఏటవాలుగా వస్తుంది. మధ్యాహ్నానికి నిట్టనిలువునా పడి మొహాల మీద కళ్ళ కింద నల్లటి నీడలు పెడుతుంది. అందుచేత మనుషుల్ని పది గంటల లోపల, వస్తువుల్ని ఆ తరవాత తీయాలని తేల్చింది.

మరొకటి కూడా ఆ రోజే బయటపడింది. సావిట్లో ట్యూబులైటు వేసి పరీక్షగా తీస్తే, బొమ్మలో నల్లటి చారలు నీళ్ళలో అలల్లాగా కదిలాయి. మన దేశంలో కరెంటు సెకండుకు 50 ఆవృత్తులు. దానితో దీపం మన కంటికి తెలియకుండా సెకండుకు వందసార్లు హెచ్చుతగ్గులవుతుంది. సెల్‌ఫోను మామూలుగా సెకండుకు 30 బొమ్మలు తీస్తుంది. ఈ రెండు తాళాలూ కలవక చారలు పడతాయి. సెకండుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు సెకండులో యాభయ్యో వంతు వెలుగు అని సర్దేసరికి చారలు మాయమయ్యాయి. ఇంట్లో పిల్లల పుట్టినరోజులు తీసుకునేవారికి కూడా పనికివచ్చే సంగతి కనక రాశాను.

తరవాత బొమ్మలు గీశారు. పాత క్యాలెండరు కాగితాల వెనక ఒక్కో షాటుకు ఒక్కో బొమ్మ, మొత్తం ఇరవై మూడు. మనుషులు చీపురుపుల్లల్లా వున్నా, ఎవరు ఎటు చూస్తున్నారో, కెమేరా ఎంత దూరంలో వుందో తెలుస్తుంది. వాటిని ఫోనుతో ఫొటోలు తీసి, ఒక్కోటి అనుకున్నన్ని సెకండ్లు కనబడేట్టు వరసగా పేర్చారు. ఒక్క షాటు తీయకముందే సినిమా నడక చూసుకున్నారన్నమాట. మూడు నిమిషాలు దాటింది. అప్పుడే ఆరు బొమ్మలు చించి పారేశారు. మన కె.వి.రెడ్డిగారు కూడా సెట్టు మీదికి వెళ్ళకముందే స్క్రిప్టు అంతా పక్కాగా సిద్ధం చేసుకునేవారని పేరు. కాగితం మీద తీసేస్తే పోయేది కాగితమే కదా!

మా ఇంట్లో రెండు రోజులు తలుపు అభ్యాసం కూడా సాగింది. ఇది సినిమా చదువులో అ ఆ లు వంటిదట. ఒక మనిషి తలుపు తీసుకుని వచ్చి, గది దాటి, ఇంకొకరి ఎదురుగా కుర్చీలో కూర్చుని రెండు మాటలాడాలి. అంతే. చూడ్డానికి తేలిక. బయటినించి చెయ్యి గొళ్ళెం మీద వేస్తుండగా ఒక షాటు తెగాలి. లోపలినించి తలుపు కదులుతుండగా రెండోది అందుకోవాలి. ఆ కదలిక కలిస్తే అతుకు కనబడదు. కూర్చున్న ఇద్దరి మధ్యా ఒక గీత వున్నట్టు ఊహించుకుని, కెమేరా ఆ గీతకు ఒక పక్కనే వుండాలి. అవతలి పక్కకు దూకితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తూ మాట్లాడుతున్నట్టు, అలిగినట్టు కనబడతారు. మావారు తలుపు తీసుకుని పదిహేడుసార్లు వచ్చారు. "పెళ్ళిచూపులకు కూడా ఇన్నిసార్లు రాలేదు" అన్నారు.

ఏర్పాట్లెందుకింత అంటే, మావాడు 'పథేర్ పాంచాలి' సంగతి చెప్పాడు. సత్యజిత్ రే మొదటిరోజు రెల్లుపూల బీడులో కొంత తీసి, మళ్ళీ ఆదివారం వెళ్ళేసరికి పువ్వులు లేవు. పశువులు మేసేశాయి. మళ్ళీ పూసేదాకా ఆ దృశ్యం ఆగింది. 1955లో చిత్రం బయటికి వచ్చింది. "ఆయనకు మళ్ళీ పూశాయమ్మా. మనకు ఈ ఇల్లు మళ్ళీ పూయదు" అన్నాడు.

మాఘమాసంలో ఒక శనివారం, ఆదివారం. వాళ్ళ చేతిలో వున్నవి ఆ రెండు రోజులే.

సామగ్రి చూస్తే నవ్వొస్తుంది. రెండు సెల్‌ఫోన్లు, ఎరువు తెచ్చిన మూడుకాళ్ళ స్టాండు, శబ్దం పట్టే చిన్న మైకు, ఎండను మొహం మీదికి తిప్పడానికి ఒక తెల్లటి థర్మోకోల్ పలక. కెమేరా నేలమీద జారుతూ ముందుకు వెళ్ళాలంటే పట్టాలూ బండీ వుండాలి కదా. మా సావిడి గచ్చు అద్దంలా నునుపు. దాని మీద దుప్పటి పరిచి, అమ్మాయిని కూర్చోబెట్టి, ఇద్దరు కుర్రాళ్ళు మెల్లిగా లాగారు. 1960లో విడుదలయిన ఫ్రెంచి చిత్రం 'బ్రెత్‌లెస్' కు ఛాయాగ్రాహకుణ్ణి చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తోశారట. దుప్పటికి ఏం తక్కువ?

అన్నం వడ్డించే షాటు ఏడుసార్లు తీశారు. ప్రతిసారీ కొత్త విస్తరి, వేడివేడి అన్నం. "అన్నంతో ఆటలా?" అని అత్తగారు కోప్పడ్డారు. తీసిన ప్రతి విస్తరీ ఎవరో ఒకరు కూర్చుని ఖాళీ చేస్తేనే తరవాతది వడ్డిస్తానని షరతు పెట్టారు. మైకు పట్టిన కుర్రాడు మూడు విస్తళ్ళు తిని, నాలుగోదానికి చేతులు జోడించాడు.

మధ్యాహ్నం ఆవిడ స్నానం చేసి వేరే చీర కట్టుకుని వచ్చి కూర్చున్నారు. అమ్మాయి పొద్దుటి ఫొటో తీసి చూపించింది. "నాయనమ్మగారూ, తెరమీద ఇది అదే నిమిషం అండీ. పొద్దున్న ఆకుపచ్చ చీర, తలుపు చప్పుడయ్యేసరికి నేరేడు రంగు చీర అయితే జనం నవ్వుతారు." ఆవిడ లేచి చీర మార్చుకున్నారు. అప్పణ్ణించి ప్రతి షాటుకూ ముందు తన గాజులూ, కొంగూ తనే సరిచూసుకుని, "ఇందాక కొంగు ఈ భుజం మీదే వుందా?" అని అడగడం మొదలుపెట్టారు.

ఆదివారం సాయంత్రం తీయవలసినవన్నీ అయ్యాక మైకు కుర్రాడు, "ఇప్పుడు ఒక నిమిషం ఎవరూ మాట్లాడకూడదండీ. ఇంటి నిశ్శబ్దం పట్టుకోవాలి" అన్నాడు.

నిశ్శబ్దాన్ని పట్టుకోవడమేమిటని మా బావగారు నవ్వారు. ప్రతి చోటుకూ దాని నిశ్శబ్దం దానికి వుంటుందట. వేరు వేరు సమయాల్లో తీసిన ముక్కలు అతికిస్తే ప్రతి అతుకు దగ్గరా వెనక చప్పుడు మారిపోయి చెవికి గుచ్చుకుంటుంది. అక్కడే పట్టిన నిశ్శబ్దం కింద పొడుగునా పరిస్తే అతుకులు కలిసిపోతాయి.

అందరం ఎక్కడివాళ్ళం అక్కడ కూర్చున్నాం. పిచ్చుక ఒకటి చూరులో మసిలింది. పెరట్లో నూతి గిలక గాలికి కిర్రుమంది. దూలంలో ఎక్కడో చెద కొరికే చప్పుడు, ఇన్నేళ్ళలో నేనెప్పుడూ వినలేదు. కాలవ అవతల ఎవరో ఎవర్నో పిలిచారు. బావగారు నేలకేసి చూస్తున్నారు. ఆ ఇంట్లో అంతమందిమి కలిసి మాట్లాడకుండా వున్న నిమిషం నాకు తెలిసి అదొక్కటే. "అయిందండీ" అన్నాడు కుర్రాడు. వెంటనే ఎవరూ లేవలేదు.

ఆ తరవాత జరిగినది ఏర్పాటులో లేనిది. పిల్లలు సామాను సర్దుతున్నారు. మా అత్తగారు లేచి, వీధి గుమ్మం దగ్గరికి వెళ్ళి, గడప మీద రాలిన పసుపు కొంగుతో తుడిచారు. ద్వారబంధానికి చెయ్యి ఆనించారు. తరవాత చెంప ఆనించారు. ఆవిడ కోడలుగా కుడికాలు పెట్టిన గుమ్మం అది. ఏడవలేదు. అలా నిలబడ్డారంతే. కెమేరా అమ్మాయి అప్పటికింకా ఫోను స్టాండు మీదినించి తీయలేదు. నలభై సెకండ్లు అందులో పడ్డాయి.

రాజమండ్రిలో మా భోజనాల బల్ల మీద తొమ్మిది రాత్రులు ఎడిటింగు జరిగింది. తీసినది మొత్తం గంటా నలభై నిమిషాలు. అందులోంచి రెండు నిమిషాలు, అంటే యాభై పాళ్ళకు ఒక పాలు మిగలాలి. మొదటిసారి వరసగా అతికిస్తే నాలుగు నిమిషాల పది సెకండ్లు వచ్చింది.

కత్తెర పని దగ్గర కూర్చుని చూస్తే గాని సినిమా అంటే ఏమిటో తెలియదు. మా అత్తగారికి నటన రాదు. రాదని వాళ్ళకు ముందే తెలుసు. "ఏమీ చెయ్యకు నాయనమ్మా, ఆ గోడకేసి చూడు" అని ఒక షాటు తీశారు. ఆ మొహం పక్కన ఖాళీ విస్తరి పెడితే ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది. అదే మొహం పక్కన మూసిన తలుపు పెడితే భయపడినట్టుంది. 1920 ప్రాంతాల్లో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన ఈ తమాషా చేసి చూపించారట. ఒక నటుడి మొహం ముక్కను ఒకసారి సూపు గిన్నెతో, ఒకసారి శవపేటికతో, ఒకసారి స్త్రీతో కలిపితే, అదే మొహంలో జనానికి ఆకలి, దుఃఖం, కోరిక కనిపించాయి. మా అత్తగారు ఇది చూసి, "నేనేం చేశానురా! గోడకేసి చూశాను, అంతే" అన్నారు. మొహం కొంచెం వెలిగింది మాత్రం నిజం.

తలుపు చప్పుడు మొదట తలుపు బొమ్మ మీదే పెట్టారు. పేలవంగా వుంది. చప్పుడును రెండు సెకండ్లు ముందుకు జరిపి, ఆవిడ అన్నం వడ్డిస్తున్న చేతి మీద పెట్టారు. ముందు విన్నాం, తరవాత చూశాం. నా గుండె జల్లుమంది. ఆ తలుపు నేను వెయ్యిసార్లు తీసినదాన్ని!

పేరు వేయడం దగ్గర కంప్యూటరు మొరాయించింది. 'విస్తరి' లో తవత్తు కిందికి దిగకుండా పక్కన పడింది. ఎన్ని అక్షరాలు మార్చినా అంతే. చివరికి మావారు తెల్లకాగితం మీద కుంచెతో రాసి ఇచ్చారు. దాన్ని ఫొటో తీసి పెట్టారు. చేతిరాత టైటిళ్ళు మన పాత సినిమాలకు అలవాటే కదా. అప్పణ్ణించి మావారు ఈ సినిమాను 'మన సినిమా' అంటున్నారు.

అసలు పేచీ ఆ నలభై సెకండ్ల దగ్గర వచ్చింది.

ఎనిమిదో రాత్రి బావగారు వచ్చారు. ఆ షాటు చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. మావాడు మెల్లిగా, "పెదనాన్నా, ఇది ఇందులో వుండదు" అన్నాడు.

"ఉండకపోవడమేమిట్రా? ఉన్నదే అది. అది తీసేస్తే ఇంకేముంది, అన్నమూ విస్తరీనా?"

"ఇది పెడితే ఆవిడ ఇల్లు విడిచి వెళ్ళిపోతోందని మొదటే తెలిసిపోతుంది. కథ అయిపోతుంది. పైగా..." అని ఆగాడు. "మిగతా షాట్లలో వున్నది కథలో ముసలావిడ. ఇందులో వున్నది మా నాయనమ్మ. ఆవిడ నాకోసం చేసింది కాదు ఇది. మార్కుల కోసం వాడుకోవడం నా వల్ల కాదు."

బావగారు మాట్లాడలేదు. నాకు మటుకు వుంచమనే అనిపించింది. తల్లిని కదా, చెప్పాను కూడాను.

వాడు మొండికెయ్యలేదు. మూడు రకాలుగా అతికించాడు. ఒకదాంట్లో ఆ షాటు మొత్తం వుంది, ఒకదాంట్లో పన్నెండు సెకండ్లు, ఒకదాంట్లో అసలు లేదు. మమ్మల్ని ఎరగని హాస్టలు పిల్లలకు చూపించాడు. షాటు వున్నది చూసినవాళ్ళు "అయ్యో పాపం" అన్నారు. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. తరవాత కాఫీకి లేచారు. షాటు లేనిది చూసినవాళ్ళు లేవలేదు. "తలుపవతల ఎవరు? రెండో విస్తరి ఎవరికి?" అని పట్టుకున్నారు.

అదీ తేడా. ఇంటికొచ్చిన చుట్టానికి గుమ్మంలోనే కష్టాలన్నీ చెప్పేస్తే వాడు ఓదార్చి వెళ్ళిపోతాడు. లోపలికి రాడు. నాకు వాడి లెక్క అర్థమైంది. అయినా ఆ షాటు లేని రెండు నిమిషాలు చూసినప్పుడల్లా నా కన్ను ఆ గుమ్మాన్ని వెతుక్కుంటూనే వుంటుంది. అది ఎడిటింగుతో పోయేది కాదు.

తీసేసిన ముక్కను వాడు పారెయ్యలేదు. మూడు ప్రతులు చేసి అన్నదమ్ములు ముగ్గురికీ ఒక్కోటి ఇచ్చాడు. ఒకటి పోయినా ఒకటి వుంటుందని. ఇంటి డబ్బు మూడు వాటాలు పంచుకున్నప్పుడు లేని తడి బావగారి కళ్ళలో అప్పుడు చూశాను.

మాఘం వెళ్ళకుండానే ఇల్లు అప్పగించాం. పెంకు దించుతున్నారని ఊళ్ళోవాళ్ళు ఫోను చేసి చెప్పారు. ఆ సంగతి అత్తగారి దగ్గర ఎవరమూ ఎత్తలేదు.

కాలేజీలో ఇచ్చే ముందురోజు రాత్రి మావాడు పూర్తయిన రెండు నిమిషాలూ ఆవిడకు చూపించాడు. చెవులకు పెట్టుకునే గొట్టాలు కూడా పెట్టాడు. ఆవిడ తన మొహం గురించి ఒక్క మాటా అనలేదు. చూడ్డం కూడా సగంలో మానేసి కళ్ళు మూసుకున్నారు.

"అది మన గిలక కదూ?" అన్నారు.

"అదే నాయనమ్మా. ఆ రోజు పట్టుకున్న నిశ్శబ్దం. మొదటినించి చివరిదాకా అదే కింద వుంది."

"మళ్ళీ వెయ్యి."

మళ్ళీ వేశాడు. ఈసారి కళ్ళు తెరిచి చూశారు. పేరు పడి తెర నల్లబడ్డాక కూడా కొంతసేపు తెరకేసే చూస్తూ, "తలుపవతల ఎవరురా?" అన్నారు.

"నాకూ తెలియదు నాయనమ్మా. ఇంకా రాయలేదు."

"మరి రాయి. నేనుండగానే రాయి."

అప్పణ్ణించీ రాస్తున్నాడు.